ధ్యానంలో ప్రయత్నం వదలడం: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మేము కొందరం ఆదివారం ఉదయం ధ్యానానికి కూర్చుంటాం. వచ్చేవారిలో పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులున్నారు, కొమ్ముతో బొమ్మలు చేసే పనివారున్నారు, చుట్టుపక్కల పల్లెల రైతులున్నారు. ఇంట్లో తెలుగు, ప్రభుత్వ కార్యాలయంలో ఒడియా మాట్లాడే వీరందరూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే కావడం వల్ల, నేను చెప్పే సమాధానాలను ఇక్కడ రాసి పెడుతున్నాను.

అపోహ: ఆలోచనారహిత స్థితి రాకపోతే ధ్యానం కుదరనట్టే.

వాస్తవం: సాధకులను అన్నిటికంటే ఎక్కువగా కుంగదీసే మాట ఇదే. పాళి బౌద్ధ గ్రంథమైన మజ్ఝిమ నికాయంలోని ద్వేధావితక్క సుత్తంలో (సుత్తం అంటే బుద్ధుడి ఉపదేశం) బుద్ధుడు జ్ఞానోదయానికి ముందరి తన సాధనను వివరిస్తూ, ఆలోచనలన్నిటినీ తుడిచేయడంతో మొదలుపెట్టానని అనడు. వాటిని రెండుగా విడదీశానంటాడు. కామం, ద్వేషం, హింస ఉన్నవి ఒకవైపు, అవి లేనివి ఇంకొకవైపు. మొదటి రకానికి ఆయన చెప్పిన పోలిక పశువుల కాపరిది: వానాకాలం చివరి నెలలో పైరు దట్టంగా ఉన్నప్పుడు కాపరి ఆవులను కర్రతో అదిలిస్తూ, అడ్డగిస్తూనే ఉండాలి, ఎందుకంటే అవి చేలో పడితే శిక్షయినా జరిమానా అయినా తనకే. రెండో రకానికీ కాపరే పోలిక, కాలం మాత్రం వేరు. వేసవి చివరి నెలలో పంటంతా ఊళ్ళోకి చేరిపోయాక, అతడు చెట్టు మొదట్లో కూర్చొని ‘అవిగో ఆవులు’ అని ఎరుకతో ఉంటే చాలు.

మా రైతులకు దీన్ని విడమరచి చెప్పవలసిన పని లేదు. నూర్పులైపోయాక పశువులను చేలలోకి విడిచిపెట్టి, గట్టు మీది చింతచెట్టు నీడన కూర్చునే మనిషిని వారు ఏటా చూస్తారు. అతడు నిద్రపోవడం లేదు, ఆవులు లేకుండా పోవాలని కోరుకోవడమూ లేదు, కర్రను పక్కన పెట్టాడు. ప్రయత్నాన్ని వదలడమంటే నాకు అర్థమైనది ఇదే. పైరు ఉన్నప్పుడు కర్ర వదిలితే చేను పోతుంది కనుక, ఏ కాలంలో ఉన్నామో ముందు చూసుకోవాలి.

అపోహ: ఎంత గట్టిగా పట్టుబడితే మనసు అంత త్వరగా నిలుస్తుంది.

వాస్తవం: మా వద్ద ఒక పెద్దావిడ కళ్ళు మూసుకున్న ప్రతిసారీ మోకాళ్ళను ఎంత బిగించి పట్టుకునేవారంటే ఆమె గోళ్ళ అంచులు తెల్లబడేవి. ‘గట్టిగానే పట్టుకుంటున్నాను బాబూ, అయినా నిలవడం లేదు’ అనేవారు. నేనూ ఆ బాధ పడినవాడినే. ఏళ్ళ కిందట ఒక పదిరోజుల శిబిరంలో దవడలు బిగించి కూర్చొని, అయిదో రోజుకు కణతలు పగిలిపోతున్నాయని చెప్పుకుంటే, ఇంకా పట్టుదల పెంచమన్నారు. అది తప్పు సలహా అని ఈ రోజు నిస్సంకోచంగా చెప్పగలను.

పళ్ళు బిగించి మనసును మనసుతో అణచమని బుద్ధుడే చెప్పాడు కదా అని కొందరు అడుగుతారు. చెప్పిన మాట నిజమే, కానీ వితక్కసంఠాన సుత్తంలోని అయిదు ఉపాయాలలో అది చిట్టచివరిది, మిగిలిన నాలుగూ పని చేయనప్పటిది. దానికి ముందున్న నాలుగో ఉపాయం చూడండి: వేగంగా నడిచేవాడు ‘ఎందుకింత వేగం’ అనుకొని మెల్లగా నడుస్తాడు, ఆపై నిలబడతాడు, ఆపై కూర్చుంటాడు, చివరికి పడుకుంటాడు, ఆలోచనను కూడా అలాగే ఒక్కొక్క మెట్టు దింపాలి. పాదాలు పగిలి నెత్తురోడేదాకా చంక్రమణం (నడుస్తూ చేసే ధ్యానం) చేసిన సోణుడనే భిక్షువుకు బుద్ధుడు, మరీ బిగించినా మరీ వదిలినా సరిగా పలకని వీణ తీగల సంగతి గుర్తుచేసి, మితిమీరిన ప్రయత్నం చాంచల్యానికి, బొత్తిగా సడలిన ప్రయత్నం సోమరితనానికి దారితీస్తాయని చెప్పాడు. బుద్ధుడి వెన్నంటి ఉండి సేవ చేసిన శిష్యుడు ఆనందుడి కథ నాకు మరీ ఇష్టం. బుద్ధుడి బోధలను కూర్చడానికి రాజగృహంలో జరిగిన భిక్షువుల మొదటి సభకు (సంగీతికి) ముందు రాత్రంతా సాధన చేసి, తెల్లవారుజామున ఇక పడుకుందామని ఒరిగినప్పుడు, పాదాలు నేలను విడిచి తల దిండుకు తగిలేలోపు ఆయనకు విముక్తి కలిగిందని చుల్లవగ్గ అనే పాళి గ్రంథం చెబుతోంది. ఆ రాత్రంతా చేసిన సాధనను తీసేసి ఒరిగిన క్షణాన్ని మాత్రమే చెప్పేవారు కథను సగానికి కోసినట్టే.

అపోహ: అయితే ఏమీ చేయకుండా కూర్చుంటే సరిపోతుంది.

వాస్తవం: అలా కూర్చుంటే వచ్చేది మగత. దాన్ని పాళిలో థీనమిద్ధం అంటారు, అది ధ్యానానికి అడ్డుపడే అయిదు నీవరణాలలో ఒకటి. కునికిపాట్లు పడుతున్న తన శిష్యుడు మొగ్గల్లానుడికి బుద్ధుడు చెవులు లాగుకోమని, కళ్ళు నీళ్ళతో కడుక్కొని నక్షత్రాలను చూడమని చెప్పాడు. సంసార ప్రవాహాన్ని ఎలా దాటావని ఒక దేవత బుద్ధుడిని అడిగితే, నిలిచిపోతే మునిగాను, పెనుగులాడితే కొట్టుకుపోయాను, కనుక నిలవకా పెనుగులాడకా దాటాను అన్నాడు.

పద్మాసనం తప్పనిసరి అన్నదీ అపోహే. మోకాళ్ళ నొప్పులున్నవారు కుర్చీలో కూర్చోవచ్చు.

అపోహ: టిబెటన్ల మార్గంలో మొదటి రోజు నుంచే అన్నీ వదిలేయవచ్చు.

వాస్తవం: మా గజపతి జిల్లాలోని చంద్రగిరి ప్రాంతంలో 1960ల నుండి టిబెటన్లు స్థిరపడి ఉన్నారు, జిరాంగ్‌లోని పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. విహారం చూసి వచ్చినవారు అక్కడి జోగ్‌చెన్ అనే ధ్యాన బోధ పేరు విని, ఇది ప్రయత్నం లేని దారి అని సంతోషపడతారు. మనసును దాని సహజస్థితిలో విశ్రమింపజేయడం ఆ బోధలో ఉన్న మాట వాస్తవమే. అయితే ఆ బోధ ఉన్న నింగ్మా అనే టిబెటన్ బౌద్ధ సంప్రదాయంలోనే దానికి ముందు సాధకులు గురువు పర్యవేక్షణలో పూర్వాంగ (సన్నాహక) సాధనలు చేస్తారు, వాటిలో సాష్టాంగ నమస్కారాలే లక్ష. ఆ లక్షను పక్కన పెట్టి విశ్రాంతిని మాత్రమే తెచ్చుకోవాలనుకోవడం నాకు న్యాయంగా తోచదు.

ఇంకొక సంగతి. మానసిక వ్యాధికి చికిత్స పొందుతున్నవారు ధ్యానం మొదలుపెట్టాం కదా అని మందులు ఆపకూడదు, వైద్యుడిని అడగకుండా పది రోజుల మౌన శిబిరాలకు వెళ్ళకూడదు. అలాంటివారు మా వద్దకు వస్తే కళ్ళు తెరిచి పది నిమిషాలు కూర్చోమంటాను, భయం గానీ గుండెదడ గానీ మొదలైతే లేచి పెరట్లో నాలుగు అడుగులు వేసి రమ్మంటాను.