కరగకుండానే కలిసే రెండు అల్యూమినియంలు

ఆటోనగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ చేసే మేస్త్రీకి రెండు అల్యూమినియం ప్లేట్లు ఇచ్చాం, ఒకటి 6061 రకం, ఇంకోటి 7075 రకం (అల్యూమినియంలో వేరే లోహాలు కలిపిన మిశ్రమాలకు పెట్టిన నంబర్లివి). చాలా నేర్పుగా అతికాడు. చల్లారుతుండగా చూస్తే అతుకు వెంట వెంట్రుకంత పగులు. తప్పు ఆయనది కాదు, 7075ది. జింకు, మెగ్నీషియం, రాగి కలిసిన ఆ లోహం ఒక్కసారిగా గడ్డకట్టదు, సుమారు 635 డిగ్రీల దగ్గర మొదలై 477 దాకా సాగదీస్తుంది, చివర్లో రేణువుల మధ్య మిగిలిన పల్చటి ద్రవం, చుట్టూ లోహం ముడుచుకుపోతుంటే ఆ లాగుడికి ఆగలేక చీలిపోతుంది.

అసలు కరిగించడమే మానేస్తే? 1991లో ఇంగ్లండులోని టీడబ్ల్యూఐ అనే వెల్డింగ్ పరిశోధన సంస్థలో వేన్ థామస్ బృందం పట్టుకున్న దారి అదే, ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్.

విజయవాడలో మా కాలేజీ ల్యాబులో దీనికి పాత మిల్లింగ్ మిషనే వాడాం. 6 మిల్లీమీటర్ల ప్లేట్లను అంచుకు అంచు ఆనించి, క్లాంపులతో గట్టిగా బిగించి (ఇక్కడ బద్ధకిస్తే ప్లేట్లు విడిపోతాయి), నిమిషానికి 1000 చుట్లు తిరిగే స్టీలు టూలును సరిగ్గా గీత మీద దించాం. దాని కొసన చిన్న పిన్ను, పైన వెడల్పాటి భుజం. భుజం రాపిడికి లోహం వేడెక్కి గట్టి చపాతీ పిండిలా మెత్తబడుతుంది, పిన్ను దాన్ని ముందు నుంచి వెనక్కి తిప్పి నెడుతుంది. మంట లేదు, నిప్పురవ్వ లేదు, టూలు దాటిపోయాక చేపపొలుసుల్లాంటి గీతలు మిగులుతాయి.

అడ్డంగా కోసి, పాలిష్ చేసి, యాసిడ్ పెడితే 7075 నల్లబడుతుంది, 6061 తెల్లగానే ఉంటుంది, మధ్యలో ఉల్లిపాయ కోసినట్టు రెండు రంగుల ఉంగరాలు! మొదటిసారి మైక్రోస్కోపులో చూసి చాలాసేపు లేవలేదు నేను.

ఏ ప్లేటు ఎటు పెట్టామన్నది చిన్న విషయం కాదు. అతుకుకు ఒక పక్క టూలు తిరిగే దిశ, ముందుకు జరిగే దిశ ఒకటే అవుతాయి, రెండో పక్క ఎదురెదురవుతాయి. మొదటి పక్కన 6061 పెట్టినప్పుడే మాకు రెండూ బాగా కలిశాయి.

తర్వాత లాగి చూశాం. తెగింది అతుకు దగ్గర కాదు, కాస్త ఎడంగా, 6061 వైపు. దాని బలమంతా లోపలున్న మెగ్నీషియం, సిలికాన్ కలిసిన సన్నటి నలుసుల్లో ఉంటుంది, టూలు వేడి పక్కకు పాకి అవి లావెక్కితే అక్కడ లోహం మెత్తబడిపోతుంది. అందుకే ఇప్పుడు టూలును ముందుకు నడిపే వేగం కొద్దికొద్దిగా పెంచుతున్నాం, వేడి తగిలే సమయం తగ్గాలని. మరీ పెంచితే లోహం సరిగా నిండక అడుగున సొరంగంలా ఖాళీ పడుతుంది, నిన్న కోసిన ముక్కలో అదే కనిపించింది.