ప్లేటు మందంగా ఉంటే చాలా? ఆఫ్‌రోడ్ బండ్ల బంపర్లు, వించ్‌ల మీద అపోహలు - వాస్తవాలు

మాది హిందూపురం. బెంగళూరు పీణ్యలో షెడ్డు పెట్టుకుని జిప్సీలు, థార్లు, గుర్ఖాల వంటి జీపులకు బంపర్లు, బండి అడుగును రాళ్ల నుంచి కాపాడే స్కిడ్ ప్లేట్లు, వించ్ (కూరుకుపోయిన బండిని తాడుతో లాగే మోటారు యంత్రం) బిగించే మౌంట్లు చేస్తుంటాను. వానలు మొదలైతే సకలేశపుర బురదలోకి వెళ్లే కుర్రాళ్లు వరుసగా వస్తారు. అనంతపురం, మదనపల్లి నుంచి బండి వేసుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఎన్ని ఎం.ఎం. ప్లేటు వేస్తావు?" ఆ ప్లేటును దేనికి బిగిస్తావని మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే అసలు సంగతంతా అక్కడే ఉంది.

అపోహ: ప్లేటు ఎంత మందమైతే బండికి అంత రక్షణ.

చదరపు మీటరు ఉక్కు ప్లేటు 3 మిల్లీమీటర్లయితే సుమారు 23.5 కిలోలు, 6 అయితే 47 కిలోలు తూగుతుంది. జిప్సీ మొత్తం బరువే టన్ను దగ్గర. దాని ముక్కు మీద ఇంకో అరవై డెబ్బై కిలోలు వేలాడదీస్తే ముందు స్ప్రింగులు కుంగుతాయి, బ్రేకు ఆలస్యంగా పడుతుంది, బురదలో ముందు చక్రాలు ఇంకా లోతుకు దిగుతాయి. 6 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు 16 కిలోలే ఉంటుంది, పైగా 3 మిల్లీమీటర్ల ఉక్కు కన్నా తక్కువ వంగుతుంది. కాకపోతే ఉక్కు రాయి మీద జారిపోతుంది, అల్యూమినియం చెక్కుకుపోతుంది. అందుకే రామనగర బండరాళ్లకు వెళ్లేవాళ్లకు ఉక్కు వేస్తాను, ఎక్కువగా బురదలో తిరిగేవాళ్లకు అల్యూమినియం చెబుతాను.

ఏ ప్లేటయినా రెండు వైపులా చాసిస్‌కే, అంటే బండిని మోసే ఉక్కు చట్రానికే బిగించాలి. గేర్‌బాక్సుకో, చట్రానికి అడ్డంగా ఉండే పలచటి రేకు క్రాస్‌మెంబర్‌కో బిగిస్తే రాయి దెబ్బ నేరుగా వాటికే చేరుతుంది. ఆయిల్ దించడానికి రంధ్రం, బురద కడగడానికి సందులు కూడా వదలాలి. సందుల్లేని ప్లేటు మీద మట్టి పేరుకుని ఎండితే వేడి బయటికి పోదు, తుప్పు కూడా అక్కడే మొదలవుతుంది.

అపోహ: బంపర్‌కు గట్టి హుక్కు వెల్డ్ చేస్తే ఎవరైనా లాగొచ్చు.

కొత్తలో నేనూ ఇలాగే అనుకున్నాను. గేట్లకు వాడే మామూలు వెల్డింగ్ రాడ్డుతో ఒక జిప్సీ బంపర్‌కు హుక్కు వెల్డ్ చేసి ఇచ్చాను. చూడటానికి వెల్డింగ్ చక్కగా ఉంది. వానాకాలంలో ఆ బండి చాసిస్ దాకా కూరుకుపోయింది. ముందు నుంచి ఇంకో జీపు తాడు కట్టి జెర్క్ ఇచ్చేసరికి హుక్కు ఊడి తాడుతో పాటు ఎగిరింది. ముందు జీపు వెనక అద్దం పగలగొట్టుకుని వెనక సీటులో పడింది. ఆ సీటులో ఆ రోజు ఎవరూ కూర్చోలేదు. ఆ హుక్కును ఇప్పటికీ షెడ్డులో మేకుకు తగిలించి ఉంచాను. వచ్చిన ప్రతి కుర్రాడికీ చూపిస్తాను.

అంత లోతుగా కూరుకున్న బండిని కదిలించడానికి దాని బరువును మించిన బలం కావాలి. జెర్క్ ఇస్తే ఆ బలం ఇంకా పెరుగుతుంది. ఆ బలం హుక్కు నుంచి చాసిస్‌కు చేరాలి, మధ్యలో ఒక్క వెల్డు మీదే ఆగకూడదు. ఇప్పుడు మందపాటి బేస్ ప్లేటును చాసిస్‌కు ఆనించి, 10.9 గ్రేడ్ (ఎక్కువ బలం తట్టుకునే రకం) బోల్టులు ఈవైపు నుంచి ఆవైపుకు వేస్తాను. లోపల డొల్లగా ఉండే బాక్సు చాసిస్ నలగకుండా లోపల బోల్టు చుట్టూ స్లీవ్ (ఉక్కు గొట్టం) పెడతాను. ట్రైలర్ తగిలించే గుండు బంతికి తాడు వేసి లాగడం మాత్రం ఎప్పుడూ చేయకండి, అది విరిగితే ఫిరంగి గుండే. విడి చాసిస్ లేని కార్లకు వించ్ పెట్టమని వచ్చేవాళ్లను తిరిగి పంపించేస్తాను.

అపోహ: 9,500 పౌండ్ల వించ్ ఎప్పుడైనా 9,500 పౌండ్లు లాగుతుంది.

అంటే దాదాపు 4,300 కిలోలు. ఆ లెక్క డ్రమ్ము మీద తాడు ఒకే పొర ఉన్నప్పటిది. పొర మీద పొర పెరిగేకొద్దీ డ్రమ్ము లావై లాగే బలం తగ్గుతుంది. నాలుగో పొరలో మూడింట ఒక వంతుకు పైగా పోతుంది. దగ్గరి చెట్టుకు కట్టి, తాడంతా డ్రమ్ము మీదే ఉంచి, వించ్ లాగట్లేదని తిట్టుకునేవాళ్లను ఎందరినో చూశాను. తాడు ఎక్కువ వదలండి, కానీ ఉక్కు తాడయితే కనీసం ఐదు చుట్లు, సింథటిక్ అయితే ఎనిమిది పది చుట్లు డ్రమ్ము మీద మిగలాలి. చెట్టు దగ్గర గిలక వేసి తాడును తిరిగి మీ బండికే తగిలిస్తే బలం ఇంచుమించు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. అప్పుడు గిలక మీద, చెట్టు బెల్టు మీద కూడా రెట్టింపు బరువు పడుతుందని గుర్తుంచుకోండి. మనుషులు, సామాన్లతో కలిపి రెండు టన్నులయ్యే బండికి మూడు టన్నుల వించ్ చూసుకోవాలి.

అపోహ: లారీ స్టార్టర్ మోటారుతో వించ్ ఇంట్లోనే చేసుకోవచ్చు.

స్టార్టర్ మోటారు కొన్ని సెకన్లు తిరగడానికి చేసినది. నిమిషాలపాటు లోడు మీద తిప్పితే కాలిపోతుంది. అంతకన్నా పెద్ద భయం బ్రేకు గురించి. వాలు మీద సగం లాగాక కరెంటు పోతే బండిని ఏది పట్టుకోవాలి? ఇంట్లో చేసుకునే వించ్‌లలో బ్రేకు ఉన్నది నాకింతవరకు ఒక్కటీ కనబడలేదు. మౌంటు, బంపరు, గిలక పెట్టుకునే పెట్టె మన షెడ్డులో చేసుకోవచ్చు. వించ్ మాత్రం కొనండి. డబ్బు చాలకపోతే చేత్తో పిడి ఆడించి తాడు లాగే టిర్ఫర్ అనే పరికరం మంచిది. 1.6 టన్నులది, 3.2 టన్నులది దొరుకుతాయి. నెమ్మదిగా లాగుతుంది, చేయి నొప్పెడుతుంది, కానీ లోడును వదలదు.

బ్యాటరీ సంగతి కూడా చెప్పాలి. పూర్తి లోడు మీద 12 వోల్టుల వించ్ 400 ఆంపియర్ల దాకా తాగుతుంది. ఇంజినుతో తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరు ఇచ్చేది వంద చుట్టుపక్కల. ఇంజిను ఆన్‌లో ఉంచి, కాసేపు లాగి, కాసేపు ఆపాలి. వైరు 35 చదరపు మిల్లీమీటర్లకు తగ్గొద్దు.

అపోహ: సింథటిక్ తాడు తెగినా ఏమీ కాదు.

అది తేలిక కాబట్టి ఉక్కు తాడంత బలంగా ఎగరదు. కానీ దాని చివరున్న హుక్కు ఇనుమే కదా. ఏ తాడయినా మధ్యలో బరువైన దుప్పటి వేయండి, మనుషులను తాడు పొడవుకు మించిన దూరంలో నిలబెట్టండి.

అపోహ: బంపరే కదా, చట్టానికేం పట్టింది?

బండి ముందు అదనంగా బిగించే అనుమతి లేని ఇనుప కడ్డీల (క్రాష్ గార్డులు, బుల్ బార్ల) మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అది తప్పు. ఎయిర్‌బ్యాగు సెన్సర్లు కంపెనీ బంపర్‌ను లెక్కలోకి తీసుకునే పెడతారు. ముందు ఇనుము బిగిస్తే బ్యాగు తెరుచుకునే సమయం మారొచ్చు. అడ్డొచ్చిన మనిషికి తగిలే దెబ్బ కూడా పెరుగుతుంది. అందుకే రోజూ రోడ్డు మీద తిరిగే బండ్లకు నేను కింది ప్లేట్లు, లాగే పాయింట్లు మాత్రమే చేస్తాను. ఇనుప బంపర్లు ట్రైలర్ మీద పోటీలకు తీసుకెళ్లే బండ్లకే.

బండి మీదే వెల్డింగ్ చేయిస్తుంటే ముందు బ్యాటరీ నెగటివ్ తీయించండి, లేకపోతే ఈసీయూ (ఇంజినును నడిపే కంప్యూటర్) పోవచ్చు. బోల్టులు బిగించాక నట్టు మీద నుంచి ప్లేటు మీదికి పెయింటుతో ఒక గీత గీయమని అడగండి. ప్రతి ట్రిప్పు నుంచి వచ్చాక బండి కిందికి దూరి చూడండి. గీత రెండు ముక్కలుగా కనిపిస్తే ఆ నట్టు వదులైంది.