సెల్లార్ జాలీ చుట్టూ వాటం: సైట్‌లో రోజూ వినే అపోహలు

సెల్లార్ కడిగిన మర్నాడు కూడా మూలల్లో నీళ్లు నిలబడి, జాలీ (నీళ్లు బయటికి పోయే చిల్లుల మూత) చుట్టూ మాత్రం ఎండిపోయి ఉంటే తప్పు జాలీది కాదు, కాంక్రీటు పోసే ముందు వాటం (జాలీ వైపు నేల వాలు) కోసం చేయాల్సిన కొలతలు ఎవరూ చేయలేదు, అంతే.

అపోహ: "వాటం చేతికే తెలుస్తుంది సార్, తాపీతో లాగేస్తాం."

వాస్తవం: తెలియదు. ఇన్నేళ్లయినా నాకైతే తెలియదు. 100కి 1 వాటం, అంటే 100 అంగుళాల దూరానికి 1 అంగుళం దిగడం, 10 అడుగులకు అంగుళంపావు కూడా ఉండదు, అంత చిన్న తేడా కంటికి ఆనదు. ముందు రోజే లెవల్ పైపుతో (మట్టం చూసే నీళ్ల గొట్టం) గోడల మీద గుర్తులు పెట్టి, అక్కడి నుంచి జాలీకి దారాలు కట్టి, ఆ ఎత్తుకు అక్కడక్కడా చిన్న దిమ్మలు పోసుకోవాలి. మర్నాడు వాటి మీద బద్ద (కాంక్రీటు సాపు చేసే తిన్నటి పట్టీ) లాగడమే. ఇంకోటి, లెక్క మూల నుంచి వేయాలి. 10 అడుగుల చదరపు గది, నడిమధ్య జాలీ అనుకోండి: దగ్గరి గోడకు 5 అడుగులు, మూలకు 7 అడుగుల పైనే. చుట్టూ ఒకే మట్టం పెట్టి అంగుళం దించితే గోడ వైపు 60కి 1 వస్తుంది, మూల వైపు 85కి 1 మాత్రమే. నీళ్లు ముందుగా మూలల్లోనే ఎందుకు ఆగుతాయో చూశారా!

అపోహ: నీళ్లు కాస్త ఎక్కువ పోస్తే కాంక్రీటే జాలీ వైపు జారుతుంది.

వాస్తవం: జారి ఊరుకోదు, చదునైపోతుంది. పల్చటి కాంక్రీటు నీళ్లలాగే మట్టానికి సర్దుకుంటుంది, మీరు కష్టపడి పెట్టిన వాటం మీ కళ్ల ముందే పోతుంది. పైగా సిమెంటు పాలు పైకి తేలి, ఆరాక నేల పొడి రాలుతుంది. 50 కిలోల బస్తాకు 25 లీటర్లు చాలు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువే. రెడీమిక్స్ లారీ దగ్గర "కొంచెం నీళ్లు కొట్టన్నా" అనే మనిషిని ఆ రోజుకి టీ తెమ్మని పంపేయండి.

అపోహ: జాలీ నేలతో సమానంగా ఉండాలి.

వాస్తవం: 4, 5 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. పైన టైల్స్ వేసేదుంటే వాటి మందం కూడా ముందే కలుపుకోండి.

అపోహ: తేడా వస్తే పైన మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) పూసి సరిచేసుకోవచ్చు.

వాస్తవం: పాత నున్నటి నేల మీద అర అంగుళం మాలు నిలవదు, కార్లు తిరిగితే పెచ్చులుగా లేస్తుంది. గాట్లు పెట్టి శుభ్రం చేయకుండా పూస్తే ఆ డబ్బు వృథా.

అపోహ: జాలీ పెట్టాం కదా, నీళ్లు వాటంతటవే పోతాయి.

వాస్తవం: ఎక్కడికి పోతాయి? సెల్లార్ నేల సాధారణంగా రోడ్డు డ్రైనేజీ కంటే కిందే ఉంటుంది. నేరుగా కలిపేస్తే గట్టి వానకు మురుగే వెనక్కి తన్నుతుంది. గుంటలోకి దించి మోటార్‌తో ఎత్తిపోయాలి, ఆ పైపుకి నీళ్లను వెనక్కి రానివ్వని నాన్‌రిటర్న్ వాల్వ్ ఉండాలి.

పోసేటప్పుడు జాలీ మూతిలో గోనెసంచి కుక్కడం, తర్వాత 10 రోజులు తడపడం అందరికీ తెలిసినవే. తెలిసినవే అనుకుని ఓసారి ఆ గోనెసంచి తీయడం మర్చిపోయా. టెస్టింగ్‌కి పోసిన రెండు బకెట్ల నీళ్లు చక్కగా జాలీ దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి, వాటం మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.