లగ్గం పత్రికల ఇంకు, కిడ్నీల లెక్క

హనుమకొండ

చిన్నూ, అమ్ములూ,

మొన్న ఫోన్ల అడిగిండ్రు కదా, "తాతా, కిడ్నీల సంగతి చెప్పే పట్టీ ఒంటికి అతికిస్తరట, నిజమేనా?" అని. నాకు నవ్వొచ్చింది. దాని తయారీల సగం పని నేను ముప్పై ఏండ్లు మన దుకాణంల చేసిందే.

లగ్గం పత్రికలు ఎట్ల అచ్చేసేటోణ్ణి? చట్రానికి సన్నటి జాలిగుడ్డ బిగించి, ఇంకు పోసి, రబ్బరు పట్టీతోని ఒక్క గుంజు గుంజుతే కింద కాయితం మీద పేర్లు పడేటియి. ఆ పట్టీల ఉండి ఒంటి సంగతి కొలిచే సెన్సర్లను సుత శానా మటుకు అట్లనే అచ్చేస్తరు. కాయితం బదులు వంగే పల్చటి ప్లాస్టిక్, రంగు బదులు కరెంటు పారే కార్బన్ ఇంకు, వెండి ఇంకు. నాయనమ్మ షుగర్ చూసుకునే పట్టీని వెలుతురుకు పట్టి చూడుండ్రి, నల్లటి గీతలు కనబడ్తయి.

కిడ్నీలు రెండూ కలిసి రక్తంలకెళ్లి దినాం 180 లీటర్ల దాక నీళ్లు వడగడ్తయి. మూత్రమై పోయేది లీటరో, రెండో. మిగిలిందంతా మళ్ల రక్తంలకే. అవి మందగిస్తే యూరియా రక్తంల పేరుకుంటది, చెమటల సుత పెరుగుతది. పొలంల చల్లుతమే, అదే యూరియా! 1828ల ఫ్రెడ్రిక్ వోలర్ అనే జర్మనీ శాస్త్రవేత్త దాన్ని ప్రయోగశాలల తయారుజేసి, కిడ్నీ అక్కర లేకుండనే చేసిన అని తన గురువుకు రాసిండు. ఆయనా ఉత్తరంలనే చెప్పిండు సూడుండ్రి.

అచ్చేసిన గీత కొసకు యూరియేజ్ అనే ఎంజైమ్ పూస్తరు. అది చెమటల యూరియాను విరిచి అమ్మోనియా చేస్తది. తడిసిన యూరియా బస్తా కాడ ముక్కు మూసుకున్నరే, గదే వాసన. అమ్మోనియా పెరిగినకొద్దీ గీత మీద వోల్టేజీ మారుతది, దాన్ని యంత్రం లెక్కగడ్తది.

చెప్పుడు అల్కగనే ఉంటది. ఒకపారి మడత కాడ బంగారు ఇంకు పగిలి పెండ్లిపిల్ల పేరు సగం ఊడింది, 500 పత్రికలు మళ్ల అచ్చేసిచ్చిన. మోచెయ్యి వంగినప్పుడల్ల సెన్సర్ గీతకూ అదే గండం. జెర పగిలిందంటే లెక్క తప్పుతది. పైగ మన మే నెల ఎండకు చెమట కారుతది, చలికాలం చుక్క రాదు. ఎంజైమ్ వేడికి పాడైతది. అందుకే ఇప్పటికైతే రక్తపరీక్షనే నమ్ముకోవాలె.

మీ చిన్నతాతకు ఎన్నడూ నొప్పి లేకుండె. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టకపోతేనే డాక్టరు కాడికి పోయినం. అప్పటికే ఆలస్యమైంది. ఇప్పుడు వారానికి మూడుసార్లు, పోయినప్పుడల్ల నాలుగు గంటలు డయాలసిస్.

పాత చట్రం అటక మీదనే ఉన్నది. దసరాకు రాండ్రి, దించి మీ పేర్లు అచ్చేద్దాం. రేపు పొద్దుగాల అయిదింటికే చిన్నతాతను తీస్కపోవాలె, ఉంట మరి.

మీ తాత