గుద్దు నేల నుంచి మొదలవుతుంది

గోడకు మూరెడు దూరంలో, రెండు పాదాలూ దగ్గరగా పెట్టి నిలబడండి. కుడి అరచేత్తో గోడను ఒక్కసారి గట్టిగా నెట్టండి. వెనక్కి తూలుతారు. ఇప్పుడు ఎడమ కాలు ఒక అడుగు ముందుకు వేసి, మోకాళ్లు కొంచెం వంచి, వెనక మడమ కాస్త లేపి, మళ్లీ అంతే గట్టిగా నెట్టండి. ఈసారి తూలరు. చెయ్యి అదే, కండ అదే, నిలబడ్డ తీరు ఒక్కటే మారింది. బాక్సింగ్‌లో మొదట నేర్పే పాఠం ఇదే. మన దగ్గర పిల్లలు తొందరపడి దాటేసేది కూడా ఇదే.

గోడను మనం ఎంత బలంతో నెడితే గోడ మనల్ని అంతే బలంతో వెనక్కి నెడుతుంది. న్యూటన్ మూడో సూత్రం అందరం బడిలో చదువుకున్నదే. ఆ ఎదురు బలం చేతి మీదుగా భుజానికి, నడుముకు, కాళ్లకు దిగి చివరికి నేలకు చేరాలి. పాదాలు దగ్గరగా ఉంటే దాన్ని నేలకు దించే దారి ఉండదు, మనిషి పడతాడు. గుద్దులో ఇదే లెక్క కింది నుంచి పైకి నడుస్తుంది. వెనక పాదం నేలను వెనక్కి, కిందికి తొక్కుతుంది. నేల తిరిగి ముందుకు, పైకి నెడుతుంది. ఆ నెట్టుడు పిక్క, మోకాలు, తుంటి, నడుము, భుజం దాటి పిడికిలికి చేరుతుంది.

ఇందులో కాళ్ల వాటా ఎంతో కొలిచినవాళ్లు ఉన్నారు. 1985లో వెలువడిన ఒక సోవియట్ అధ్యయనంలో బాక్సర్లను అనుభవాన్ని బట్టి విడదీసి, క్రాస్ లాంటి (వెనక చేత్తో కొట్టే) నేరు గుద్దులో ఏ భాగం ఎంత బలం ఇస్తోందో లెక్కగట్టారు. పై స్థాయి బాక్సర్ల గుద్దులో కాళ్ల వాటా 38 శాతం పైనే. నడుము తిప్పడం వల్ల 37 శాతం వచ్చింది. చెయ్యి చాచడం వల్ల వచ్చింది 24 శాతమే. కింది స్థాయి వాళ్లలో చేతి వాటా 38 శాతం దాకా పెరిగి, కాళ్ల వాటా 16 శాతం దగ్గరికి పడిపోయింది. రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూస్తే, కొత్తవాడు ఏళ్ల తరబడి చేసే సాధనలో అసలు ఏం మారుతుందో తెలుస్తుంది.

అదే 1985లో బ్రిటన్‌లో హెవీవెయిట్ ఫ్రాంక్ బ్రూనో గుద్దును కొలిచారు. పిడికిలి అర మీటరు దూరాన్ని సెకనులో పదో వంతులో దాటి, సెకనుకు 8.9 మీటర్ల వేగంతో తాకింది. గరిష్ఠ బలం 4,096 న్యూటన్లు, అంటే 400 కిలోల బరువుకు పైమాటే. 2000లో బ్రిటన్‌లోనే జరిగిన మరో పరిశీలనలో మేటి బాక్సర్ల వెనక చేతి గుద్దు సగటున 4,800 న్యూటన్లు, ముందు చేతి గుద్దు 2,847 న్యూటన్లు వచ్చింది. కొత్తవాళ్ల వెనక చెయ్యి 2,381 దగ్గరే ఆగింది. ఒకే మనిషి రెండు చేతుల మధ్య ఇంత తేడా ఉండటం చేతి కండ వల్ల కాదు. వెనక చెయ్యికి తోడుగా తుంటి, వెనక కాలు తిరగడానికి చోటు ఎక్కువ.

ఇక్కడ ఒక అపోహను సరిచేయాలి. మంచి గుద్దులో ఒంటి బరువంతా వస్తుందని అంటుంటారు. 2005లో ఒలింపిక్ బాక్సర్ల మీద చేసిన కొలతల్లో, దెబ్బ తగిలే క్షణాన పనిచేసే బరువు సగటున 2.9 కిలోలే అని తేలింది. దాదాపు ఒక చెయ్యి బరువు. మరి కాళ్లు చేసేదేమిటి? ఆ కొద్ది బరువును సెకనులో పదో వంతులోనే సెకనుకు తొమ్మిది మీటర్ల వేగానికి తీసుకెళ్లడం, తాకిన క్షణాన వెనక్కి కొట్టే బలాన్ని నేలకు దించడం. ఈ రెండు పనులూ చెయ్యి ఒంటరిగా చేయలేదు.

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా ఎత్తే హమాలీని గమనించండి. బస్తా వీపు మీదికి రాకముందే అతని పాదాలు సర్దుకుంటాయి. ఒకటి ముందు, ఒకటి వెనక, మోకాళ్లు వంగి. లేచేది కాళ్లతో, నడుముతో లేస్తే సాయంత్రానికి మంచం పట్టాల్సిందే. బాక్సింగ్ కోచ్ కొత్త పిల్లలకు నెలల తరబడి నేర్పేది ఈ సర్దుబాటే.

ఇక నిలబడే తీరు. కుడిచేతివాటం వాళ్లకు ఎడమ కాలు ముందు. పాదాల మధ్య భుజాల వెడల్పు, లేదా ఇంకొంచెం ఎక్కువ. రెండు పాదాలూ ఒకే గీత మీద ఉంటే పక్క నుంచి తగిలిన చిన్న దెబ్బకే ఒరిగిపోతాం, అందుకే ముందు పాదం గీతకు ఎడమన, వెనక పాదం కుడిన ఉంటాయి. ముందు పాదం కొంచెం లోపలికి తిరిగి ఉంటే, వెనక పాదం 45 డిగ్రీల దాకా బయటికి తిరుగుతుంది. వెనక మడమ నేలకు ఆనదు. పూర్తిగా ఆనిస్తే, నేలను తొక్కడానికి ముందు బరువును మునిపాదం మీదికి తెచ్చుకోవాలి, ఆ కాసేపట్లో ఎదుటివాడి గుద్దు వచ్చి పడుతుంది. మోకాళ్లు ఎందుకు వంచాలన్నది ఇంకా తేలిక. ఇప్పటికే నిటారుగా ఉన్న కాలు ఇంకేం చాచుకుంటుంది? బరువు రెండు కాళ్ల మీదా ఇంచుమించు సమానంగా ఉండాలి. ముక్కు ముందు మోకాలిని దాటిందంటే వాలిపోయినట్టే. గడ్డం కిందికి, మోచేతులు పక్కటెముకల దగ్గర, చేతులు ముఖం ముందు. చేతుల సంగతి అంతే.

ఉత్తర తెలంగాణ పేరు బాక్సింగ్ లోకానికి చెప్పిన నిఖత్ జరీన్ మొదట పరుగు పందేల పిల్ల. నిజామాబాద్‌లో తండ్రి జమీల్ అహ్మద్ ఆమెను అథ్లెటిక్స్‌లో పెట్టారు, తర్వాత సంసాముద్దీన్ దగ్గర బాక్సింగ్ మొదలైంది. ఆ కోచ్ కొడుకు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. నిఖత్ 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి 52 కిలోల ప్రపంచ చాంపియన్ అయింది. మరుసటి ఏడాది ఢిల్లీలో 50 కిలోల్లో మళ్లీ గెలిచింది. పరుగు పందెంలో నేర్చుకున్నది రింగ్‌లో ఊరికే పోదని నా గట్టి నమ్మకం. స్టార్ట్ దగ్గర తుంటి, మోకాలు, చీలమండ చాచుకుని నేలను వెనక్కి తన్నడం, క్రాస్ కొట్టేటప్పుడు వెనక కాలు చేసే పని, రెండూ ఒకే కుటుంబానివి. పిల్లల్ని బాక్సింగ్‌లో చేర్చాలనుకునే తల్లిదండ్రులకు నేను ముందు చెప్పేది కూడా అదే. గ్లోవ్స్ తర్వాత కొనొచ్చు, ముందు పరుగెత్తనివ్వండి, తాడాట ఆడనివ్వండి.

క్రాస్‌ను నిదానంగా విప్పి చూద్దాం. మొదట వెనక మునిపాదం నేలను తొక్కుతుంది. దాని మీదే మడమ బయటికి తిరుగుతుంది. మోకాలు, వెంటనే తుంటి ముందుకు తిరుగుతాయి. తుంటి వేగం తగ్గేలోపు నడుము పైభాగం అందుకుంటుంది, తర్వాత భుజం, అన్నిటికంటే చివర మోచెయ్యి చాచుకుంటుంది. ఈ వరుస తప్పి చెయ్యి ముందే పోతే, కింది నుంచి వస్తున్న బలం చేరేసరికి పని అయిపోయి ఉంటుంది. మట్టి గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేసే పిల్లల దగ్గర దీన్ని కంటితో పట్టుకోవచ్చు. క్రాస్ కొట్టి పక్కకు జరగమనండి. వెనక పాదం ఉన్న చోట మునివేళ్ల కింద మట్టి గుండ్రంగా గీసుకుపోయి, మడమ వైపు చంద్రవంక గీత కనిపిస్తే కాలు తిరిగినట్టు. మామూలు అడుగు జాడే ఉంటే కొట్టింది చెయ్యి మాత్రమే. "కాలు తిప్పు బిడ్డా, చెయ్యి దానంతటదే పోతది" అని కోచ్‌లు అరిచేది ఆ జాడ కోసమే. పాదం నేలకు అతుక్కుపోయి తుంటి ఒక్కటే తిరిగితే ఆ మెలి మోకాలి మీద పడుతుంది కూడా. గుద్దు బలం కన్నా నాకు ఆ మోకాలి గురించే ఎక్కువ టెన్షన్.

జాబ్‌లో, అంటే ముందు చేత్తో కొట్టే నేరు గుద్దులో, ముందు కాలు చిన్న అడుగు వేస్తుంది. అడుగు పూర్తిగా ఆనే క్షణాన, లేదా దానికి రవ్వంత ముందే పిడికిలి తగలాలి. పాదం ఆని, ఒళ్లు ఆగాక కొడితే ముందుకు వస్తున్న వేగమంతా వృథా. మోచెయ్యి వంచి పక్క నుంచి కొట్టే హుక్‌లో ముందున్న పాదం తిరుగుతుంది, అది ఎంత తిరగాలన్న దాంట్లో కోచ్‌లది తలో మాట. కింది నుంచి పైకి కొట్టే అప్పర్‌కట్ మోకాళ్లు వంచి లేవడంలోంచి వస్తుంది.

కదలికకు ఒకే నియమం: ఏ వైపు వెళ్లాలో ఆ వైపు కాలే ముందు కదలాలి, రెండోది అంతే దూరం వెంట రావాలి. ముందుకైతే ముందు కాలు, వెనక్కైతే వెనక కాలు. కాళ్లు ఒకదాన్నొకటి దాటినా, దగ్గరికొచ్చినా ఆ క్షణాన మన ఆధారం జానెడే. సరిగ్గా అప్పుడు తగిలిన మామూలు జాబ్‌కి కూడా పెద్ద బాక్సర్లు కింద కూర్చుండిపోతారు. ఎడమచేతివాటం ప్రత్యర్థి ఎదురైతే ఇద్దరి ముందు పాదాలూ ఒకదానికొకటి ఎదురుపడతాయి. అప్పుడు మన పాదం అతని పాదానికి బయటివైపు ఉంటే మన కుడి చేతికి దారి తెరుచుకుంటుంది.

నేల, బూటు కూడా ఈ లెక్కలోవే. నున్నటి టైల్స్ మీద సన్నని దుమ్ము ఉంటే తొక్కిన బలంలో కొంత జారుడుకే పోతుంది. కాబట్టి ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి ఆరాక మొదలుపెట్టండి. రన్నింగ్ బూట్ల మందపాటి మడమ మనిషిని ముందుకు వాలుస్తుంది, పాదం తిరగడానికీ అడ్డుపడుతుంది. బాక్సింగ్ బూట్లు కొనలేకపోతే పల్చని సోల్ ఉన్న కాన్వాస్ బూట్లు చాలు.

మీ పిల్లో పిల్లాడో సాధన చేస్తుంటే ఫోన్‌ను నేల మీద నిలబెట్టి, నడుము నుంచి పాదాల దాకా మాత్రమే కనిపించేలా వీడియో తీయండి. స్లో మోషన్‌లో చూడండి. క్రాస్ కొట్టాక వెనక పాదం గాల్లోకి లేస్తోందా, ముందు మోకాలు లోపలికి వాలుతోందా, వెనక్కి వచ్చేసరికి పాదాల మధ్య దూరం తగ్గిపోతోందా గమనించండి. ఇందులో ఏది కనిపించినా, కనిపించినన్ని రోజులూ పంచింగ్ బ్యాగ్ పక్కనపెట్టి, అదే క్రాస్‌ను గాల్లో సగం వేగంతో చేయించండి.