గంటస్తంభం చుట్టూ పాత కొట్లు: ఎలా లేచాయి, ఎందుకు పోతున్నాయి

విజయనగరంలో పాత కట్టడం అనగానే ఎవరి చెయ్యైనా కోట వైపే చూపిస్తుంది. 1713 నాటి కోటకీ, అందులోని మోతీమహల్‌కీ పేరుంది, పట్టించుకునేవాళ్లూ ఉన్నారు. మూడు లాంతర్ల కూడలి, గంటస్తంభం చుట్టుపక్కల బజారు వీధుల్లో మిగిలిన పాత కొట్లకి మాత్రం అడిగే దిక్కు లేదు. కిందన అంగడి, పైన కాపురం, ముందు అరుగు ఉండే ఈ కట్టడాలు ఒక్కొక్కటిగా షట్టర్ల కాంప్లెక్సులైపోతున్నాయి.

వీటిని రాజులు కట్టించలేదు, కోట నీడన స్థిరపడిన వర్తకులు కట్టుకున్నారు. మైదానపు ఉప్పు సాలూరు ఘాటీ (కొండదారి) ఎక్కి ఒడిశాలోని జయపురం వైపు పోయేది. కొండల నుంచి చింతపండు, పసుపు దిగేవి. బళ్లు ఆగిన చోట కొట్టు, కొట్టు వెనక గోదాము. 1885లో 68 అడుగుల గంటస్తంభం లేవడంతో బజారుకి నడిబొడ్డు ఏదో తేలిపోయింది. 1890ల్లో రైలు వచ్చింది, 1931కి రాయ్‌పూర్ లైను పూర్తయి ఊరు పెద్ద జంక్షనైంది. చేతిలో డబ్బు ఆడేసరికి మిద్దెలు లేచాయి.

ఆ మిద్దెల పనితనం ఒకసారి తలెత్తి చూడాలి. టేకు దూలాల మీద పలచటి చిన్న ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా పేర్చి గానుగ సున్నంతో అతికేవారు. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి పరిచి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు జల్లుతూ రోజుల తరబడి దిమ్మిసలతో కొట్టేవారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా ఆ కప్పు కింద చల్లగా ఉంటుంది. ఒక పాత కొట్టుకి తలుపు బదులు పన్నెండు చెక్క పలకలున్నాయి, ప్రతి దాని మీదా అంకె చెక్కారు. ఒక ఉదయం యజమాని వాటిని గాడిలోంచి తీస్తుంటే చూశాను. సాయం చేయబోతే, "వరస తప్పితే ఇరుక్కుపోతాయి బాబూ, నేనే తీస్తాను" అన్నారు. గడప రాతిలో ఆ గాడి అద్దంలా అరిగిపోయి ఉంది.

మరి ఎందుకు పోతున్నాయి? 1948 ఎస్టేట్ల (జమీందారీల) రద్దు చట్టంతో సంస్థానం కొనుగోళ్ల మీద బతికిన బజారు మారిపోయింది. 1960 అద్దె నియంత్రణ చట్టం అద్దెకున్నవాళ్లని కాపాడింది, అది అవసరమే. కానీ పాత అద్దెతో కప్పు బాగుచేయించే యజమాని ఎక్కడుంటాడు? ఆపైన అన్నదమ్ముల వాటాలు. బాగుచేసినవాళ్లూ సిమెంటు పూయించారు. సున్నపు గోడ తేమని పీల్చి వదులుతుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. దాంతో గోడలు పెచ్చులూడాయి.

చట్టమూ ఆదుకోలేదు. 1958 కేంద్ర చట్టం వందేళ్లు దాటిన, జాతీయ ప్రాధాన్యం ఉన్న కట్టడాలనే చూస్తుంది. ఉప్పు కొట్టుకి ఆ హోదా ఎవరిస్తారు? అందుకే కాపాడుకోవాల్సిన కొట్ల జాబితా ఊరిలోనే తయారవ్వాలి, రోడ్డు వెడల్పు కొలతలు తీసేముందే తయారవ్వాలి.

2020 మేలో మూడు లాంతర్ల స్తంభాన్ని కూల్చినప్పుడు ఊరు ఊరంతా బాధపడింది. కొట్టు కూలిన రోజు మాత్రం ఎవరూ రారు. టేకు దూలాలు బేరానికి పోతాయి, ఆ చిన్న ఇటుకలు ఎవరి పునాదిలోనో గొయ్యి పూడుస్తాయి.