పాత టర్బో కారుకు పెద్ద ఫ్యూయల్ పంపు: అపోహలు - వాస్తవాలు

పాతికేళ్లు దాటిన టర్బో కార్లకు ట్యూనింగ్ చేయడం నా పని. బండి తెచ్చినవాళ్లు ముందుగా అడిగేది పెద్ద ఫ్యూయల్ పంపు గురించే. అరకొర తెలివితో చేస్తే ఇంజిన్‌కే ఎసరు వచ్చే పని ఇది, అందుకే రాస్తున్నాను.

అపోహ: పెద్ద పంపు వేస్తే పవర్ పెరుగుతుంది.

పెరగదు. ఎంత పెట్రోలు చల్లాలో ఇంజెక్టర్లకు చెప్పేది ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్. రిటర్న్ లైన్ ఉన్న కార్లలో మిగిలిన పెట్రోలు ప్రెషర్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ గుండా మళ్లీ ట్యాంకులోకే పోతుంది. నిండు బూస్ట్‌లో, అంటే టర్బో ఇంజిన్‌లోకి గాలిని బాగా నెట్టేటప్పుడు, ప్రెషర్ పడిపోకుండా నిలబెట్టడమే పంపు పని. అది పడిపోతే మిక్స్చర్ లీన్ అవుతుంది (గాలికి తగ్గ పెట్రోలు ఉండదు), నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి మండటం) మొదలవుతుంది. ఆ తర్వాత పిస్టన్ పాడవడానికి కొన్ని సెకన్లు చాలు.

అపోహ: 255 లీటర్ల పంపు గంటకు 255 లీటర్లు ఇస్తుంది.

ఆ అంకె ఒక ప్రెషర్ దగ్గర, ఒక వోల్టేజీ దగ్గర కొలిచింది మాత్రమే. చాలా పాత టర్బో కార్లలో రెగ్యులేటర్‌కు ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) నుంచి చిన్న గొట్టం వస్తుంది. బూస్ట్ ఎంత పెరిగితే ఫ్యూయల్ ప్రెషరూ అంత పెరుగుతుంది. మొదట 3 బార్ ఉన్నది, 1.5 బార్ బూస్ట్‌లో 4.5 అవుతుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు ఇచ్చే పెట్రోలు తగ్గుతుంది, అంటే ఇంజిన్‌కు బాగా అవసరమైన సమయంలోనే తగ్గుతుంది. కాబట్టి చూడాల్సింది డబ్బా మీది అంకె కాదు, ఆ ప్రెషర్ దగ్గర ఫ్లో చార్ట్. టర్బో పెట్రోలు ఇంజిన్‌కు హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.37 లీటర్లు లెక్క వేసుకోండి. 400 హార్స్‌పవర్‌కు దాదాపు 150 లీటర్లు. పైన కొంత మిగులు ఉండాలి. ఈ85 (ఇథనాల్ ఎక్కువ పాళ్లు కలిసిన ఇంధనం) వాడేవాళ్లకు ఇంకో 30 శాతం పైనే కావాలి, పంపు కూడా ఇథనాల్‌కు తట్టుకునే రకమై ఉండాలి.

అపోహ: పంపు మార్చితే పని అయిపోయినట్టే.

నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. ఒక కారులో కొత్త పంపు వేశాక కూడా పై ఆర్‌పీఎంలో ప్రెషర్ పడిపోయేది. ఓనర్ టెన్షన్‌తో ఇంకో పంపు కొనబోతుంటే ఆపి, లోడ్ మీద మీటర్ పెట్టాను. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, పంపు కనెక్టర్ దగ్గర 10.6. మధ్యలో ఉన్నవి పాత సన్నని వైర్లు, తుప్పు పట్టిన ఎర్త్. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావు వైరు లాగి, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) పెట్టి, ఎర్త్ కొత్తగా వేశాం. పాత వైరును రిలేకి సిగ్నల్‌గా ఉంచాం, ఇంజిన్ ఆగితే పంపు ఆగే రక్షణ పోకూడదు కదా. అదే పంపుతో ప్రెషర్ నిలబడింది. నాలుగో తరం సుప్రా టర్బో లాంటి కార్లలో లోడ్ తక్కువున్నప్పుడు పంపు వోల్టేజీని తగ్గించే కంట్రోల్ యూనిట్ ఉంటుంది. ఎక్కువ కరెంటు లాగే పంపును అది మోయగలదో లేదో ముందే చూసుకోండి.

అపోహ: ఎంత పెద్దదైతే అంత మంచిది.

పాత రెగ్యులేటర్, సన్నని రిటర్న్ లైన్ ఆ ప్రవాహాన్ని వదలలేవు. ఐడిల్‌లోనే ప్రెషర్ పెరిగి బండి రిచ్‌గా, అంటే పెట్రోలు ఎక్కువై, నడుస్తుంది. తిరిగి తిరిగి ట్యాంకులో పెట్రోలూ వేడెక్కుతుంది.

అపోహ: ట్యాంకు లోపల ఏ ఫ్యూయల్ గొట్టమైనా సరిపోతుంది.

మామూలు గొట్టం పైపొర పెట్రోలులో మునిగి ఉండటానికి చేసింది కాదు, ఉబ్బి పగులుతుంది. ట్యాంకులోనే లీకైతే బయటికి చుక్క కూడా కనబడదు, ప్రెషర్ మాత్రం పోతుంది. మునిగి ఉండే రకమే అడిగి తీసుకోండి, వడపోత జాలీ కూడా కొత్తదే వేయండి. పని మొదలుపెట్టే ముందు లైనులో ప్రెషర్ వదిలేసి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

బిగించాక వైడ్‌బ్యాండ్ సెన్సర్ (పొగను బట్టి గాలి-పెట్రోలు పాళ్లు చెప్పేది)తో పాటు ఫ్యూయల్ ప్రెషర్, బూస్ట్ రెండూ రికార్డు చేస్తాను. బూస్ట్ లేనప్పుడు 3 బార్ బేస్ ప్రెషర్ ఉన్న కారులో వాటి మధ్య తేడా రెడ్‌లైన్ (గరిష్ఠ ఆర్‌పీఎం) దాకా 3 దగ్గరే నిలవాలి. నిలవకపోతే ఆ రోజు బూస్ట్ పెంచను.